రైలు పట్టాలు, భూమి పట్టాలు: ఉత్తర తెలంగాణలో రాజ్యం పెంచిన పెట్టుబడి

వరంగల్‌కు రైలు 1886లో వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు లండన్‌లో ‘నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’ అనే కంపెనీ ఏర్పడింది. పేరులోనే ఉన్న ఆ గ్యారంటీ ఎవరు, ఎవరికి ఇచ్చారో తెలిస్తే ఈ ప్రాంతపు ఆర్థిక చరిత్రలో సగం అర్థమవుతుంది. కంపెనీలో వాటాలు కొన్న మదుపరులకు ఏటా 5 శాతం రాబడి తప్పక వస్తుందని, 20 ఏళ్లపాటు ఆ పూచీ తనదేనని హైదరాబాద్ ప్రభుత్వం రాసి ఇచ్చింది. బండి నిండినా నిండకపోయినా, సరుకు కదిలినా కదలకపోయినా మదుపరికి అతని వడ్డీ ముట్టాలి. తక్కువ పడితే ఖజానా పూడ్చాలి. ఆ ఖజానాకు ప్రధాన ఆధారం భూమి శిస్తు. అంటే పరకాల వైపో నర్సంపేట వైపో దున్నుకుని బతికే రైతు కట్టిన శిస్తు, అతను ఎన్నడూ చూడని లండన్ మదుపరికి నష్టం రాకుండా కాపు కాసింది.

పెట్టుబడిదారీ విధానం ఎలా పుట్టిందని అడిగితే మన చర్చల్లో తరచూ వినిపించే జవాబు దీనికి పూర్తిగా భిన్నం. చొరవ ఉన్న వ్యాపారులు డబ్బు కూడబెట్టారు, తెగించి మదుపు పెట్టారు, పోటీపడి పెరిగారు. ప్రభుత్వం ఆ తర్వాత వచ్చి పన్నులు వేసింది, ఆంక్షలు పెట్టింది అంటారు. ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే మిగతాది మార్కెట్టే చూసుకుంటుందనే వాదన ఈ కథ మీదే నిలబడింది. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ ప్రాంతాల గత 150 ఏళ్ల అనుభవంలో ఈ కథకు ఆధారం దొరకదు. ఇక్కడ భూమిని అమ్ముకోగల ఆస్తిగా చేసింది రాజ్యం. రైలు వేయించింది, బొగ్గు తవ్వే హక్కు కట్టబెట్టింది, మిల్లులకు మూలధనం సమకూర్చింది కూడా రాజ్యమే. అది చేయని పెద్ద పని ఒకటే: పనిచేసే మనిషిని బంధనాల నుంచి విడిపించడం. ఆ పని జనం చేశారు. చట్టం వాళ్ల వెనుక నడిచింది.

మార్కెట్‌కు పుట్టినిల్లుగా చెప్పుకునే ఇంగ్లండ్ సంగతి ముందు చూడాలి. అక్కడ ఊరుమ్మడి పొలాలు, పచ్చిక బయళ్లు పెద్ద భూస్వాముల సొంత కమతాలుగా మారింది పార్లమెంటు చట్టాలతో. 1604 నుంచి 1914 వరకు 5,200కు పైగా ఆవరణ చట్టాలు చేసి, దాదాపు 68 లక్షల ఎకరాలకు కంచె వేశారు. ఉమ్మడి హక్కు పోయిన పేద రైతు కూలికి పోక తప్పని స్థితి అలా వచ్చింది. ఇక బట్టల పరిశ్రమ. మచిలీపట్నం నుంచి, కోరమాండల్ తీరంలోని ఇతర రేవుల నుంచి వెళ్లే అద్దకం బట్టలతో లండన్ నేతగాళ్లు పోటీపడలేకపోయారు. 1700లో వాటి దిగుమతిని నిషేధించారు. 1721లో నూలు అద్దకం బట్ట కట్టుకోవడాన్నే నేరం చేశారు. లాంకషైర్ మిల్లులు స్వేచ్ఛా వాణిజ్యం గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పింది ఆ గోడ చాటున ఎదిగాకే.

వ్యాపారం ఉన్న చోటల్లా పెట్టుబడిదారీ విధానం ఉన్నట్టు కాదన్న మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఓరుగల్లు పాలకుడు కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారు. తాము అలా చేయబోమని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటామని సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. అది దూరదృష్టి ఉన్న పాలన, సందేహం లేదు. అయితే ఆ కాలంలో సరుకులు అమ్ముడుపోయేవి గానీ, భూమి, మనిషి శ్రమ సంతలోకి వచ్చేవి కావు. భూమిని దానం చేశారు, మాన్యంగా ఇచ్చారు, దాని ఫలితంలో వాటాలు పంచుకున్నారు. తాకట్టుకూ వేలానికీ అది మామూలుగా వచ్చే రోజులకు ఇంకా ఆరువందల ఏళ్లు పట్టింది.

సాలార్‌జంగ్, మెయిజీ: ఒకే దశాబ్దం, రెండు దారులు

మొదటి సాలార్‌జంగ్ 1853లో హైదరాబాద్ దివాన్ అయ్యే నాటికి శిస్తు వసూలు గుత్తకు ఇచ్చేవారు. గుత్తేదారు సర్కారుకు ఒప్పుకున్న మొత్తం కట్టి, ఊళ్ల మీద పడి దొరికినంత పిండుకునేవాడు. సైనిక ఖర్చుల బాకీ కింద సారవంతమైన బేరార్ పత్తి నేలలు అదే ఏడాది బ్రిటిష్‌వారి అధీనంలోకి పోయాయి. సాలార్‌జంగ్ గుత్త పద్ధతిని తీసేసి, 1860లలో జిల్లాలు ఏర్పరిచి, జీతం తీసుకునే తాలూక్‌దార్లను నియమించాడు. టంకశాలను అదుపులోకి తెచ్చి, హైదరాబాద్ నాణెమైన హాలీ సిక్కాకు నిలకడ తెచ్చాడు. భూమి కొలతలు, శిస్తు నిర్ణయం మొదలయ్యాయి. పేరున్న పట్టా, కొలిచిన సరిహద్దు, స్థిరమైన శిస్తు, చెల్లే నాణెం ఉన్నప్పుడే భూమి మీద అప్పు పుడుతుంది, అమ్మకం జరుగుతుంది. ఇవన్నీ దివాన్ కచేరీలో తయారయ్యాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే జపాన్‌లో మెయిజీ ప్రభుత్వం ఇలాంటి పనులే చేస్తోంది. 1871లో సామంతుల సంస్థానాలను రద్దు చేసింది. 1872లో తొమియోకాలో సర్కారీ పట్టు మిల్లు పెట్టింది. 1873లో భూమి పన్నును నగదులోకి మార్చి, పట్టాలు ఇచ్చింది. తొమియోకా మిల్లును 1893లో మిత్సుయి సంస్థకు అమ్మేసింది. ప్రభుత్వం పెంచి పెద్దచేసిన పరిశ్రమను ప్రైవేటు చేతికి అప్పగించడం అక్కడ ఒక విధానం.

ఈ రెండింటి మధ్య తేడా రెండు చోట్ల ఉంది. మొదటిది, జపాన్ తన నిర్ణయాలు తానే చేసుకోగలిగింది. హైదరాబాద్‌లో ప్రతి పెద్ద ఒప్పందం మీదా బ్రిటిష్ ప్రతినిధి అయిన రెసిడెంట్ నీడ ఉండేది. రెండోది మరింత లోతైనది. జపాన్ తన సామంతులను తొలగించింది. హైదరాబాద్ తొలగించలేదు. రాష్ట్ర విస్తీర్ణంలో సుమారు 60 శాతం మాత్రమే సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసుకునే భూమి. దాదాపు 30 శాతం జాగీర్లు, 10 శాతం నిజాం సొంత ఖర్చుల కోసం ఉంచుకున్న సర్ఫేఖాస్. జాగీర్ల రద్దుకు 1949 దాకా ఆగాల్సి వచ్చింది.

సింగరేణి: గనికన్నా ముందు కుంభకోణం

1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు పొర ఉన్నట్టు గుర్తించాడు. నేల కింద ఉన్నదేమిటో కనిపెట్టడానికి అయిన ఖర్చు కూడా ప్రజాధనమే. దానిని తవ్వే హక్కు ఎవరికి పోయిందన్నది ఆ కాలపు రాజ్యం స్వభావాన్ని దగ్గరగా చూపిస్తుంది.

రైలు, గనుల ఒప్పందాలను లండన్‌లో నడిపినవాడు అబ్దుల్ హక్ అనే హైదరాబాద్ అధికారి. రైల్వే ఒప్పందం తయారవుతున్న 1883లోనే దానిపై ప్రజల్లో చర్చ జరగాలని అడిగినవారు హైదరాబాద్‌లో ఉన్నారు. చాందా రైల్వే ఆందోళనగా పేరుపడిన ఆ నిరసనలో ముందున్న అఘోరనాథ్ చటోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడు తండ్రిని, రాష్ట్రం నుంచి బహిష్కరించారు. బడ్జెట్ మీద పౌరులు ప్రశ్న వేయడం మన దగ్గర ఆ రోజే మొదలైందని చెప్పుకోవచ్చు. దానికి రాజ్యం ఇచ్చిన జవాబు ఊరి నుంచి వెళ్లగొట్టడం.

1886లో ఖనిజాలు వెలికితీసే గుత్తహక్కు 99 ఏళ్లకు లండన్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దఖలు పడింది. కంపెనీ మూలధనం కాగితం మీద 10 లక్షల పౌండ్లు. అయితే వాటాల్లో అధిక భాగం నగదు చెల్లించకుండానే, హక్కు సంపాదించి పెట్టిన దళారుల చేతికి వెళ్లింది. హైదరాబాద్ ప్రభుత్వం అదే కంపెనీలో 10 పౌండ్ల వాటాలను 12 పౌండ్ల చొప్పున కొనుక్కుంది. ఆ బేరం కుదిర్చిన అబ్దుల్ హక్‌కు దళారుల లాభంలో రహస్యంగా వాటా ఉందని తేలింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ ఈ వ్యవహారంపై విచారణ సంఘాన్ని వేసింది. అబ్దుల్ హక్ పదవి పోయింది. ఒప్పందం మాత్రం రద్దు కాలేదు. రైలు 1888లో ఇల్లందు చేరింది, మరుసటి ఏడు బెజవాడను కలిపింది, సింగరేణిగా పేరుపడిన ఆ గనిలో బొగ్గు తవ్వకం సాగింది.

ఈ ఉదంతాన్ని ఒక అధికారి అవినీతి కింద జమకట్టేస్తే అసలు విషయం దాటిపోతుంది. బొగ్గు నేలలో ఉన్నంత కాలం దానికి ధర లేదు. రాజముద్ర పడ్డ కాగితం చేతికి రాగానే, ఒక్క తట్ట బొగ్గు బయటికి రాకముందే లండన్ బజారులో అది లక్షల పౌండ్లు పలికింది. ఆ విలువ పుట్టింది రాజ్యం ఇచ్చిన హక్కులోంచి. ఖనిజం, అడవి, మద్యం, ఇసుక, గ్రానైట్ ఏదైనా సరే, ఆనాటి నుంచి ఈనాటి దాకా సంపద పోగుపడే దారుల్లో ఇది అన్నిటికన్నా దగ్గరి దారి.

పట్టా ఎవరి పేరున, పని ఎవరి చేత

గుత్త పద్ధతి రద్దయ్యాక దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండ్యాలు శిస్తు వసూలు అధికారం కోల్పోయారు. దానికి పరిహారంగా వారికి ఏటా రుసుం ముట్టింది. అంతకన్నా విలువైనది మరొకటి ముట్టింది. కొలతలు జరిగిన రోజుల్లో ఊరి లెక్కలన్నీ వారి చేతిలోనే ఉన్నాయి. మంచి నేలలు ఎక్కడున్నాయో, ఎవరి సాగుకు కాగితం లేదో వారికి తెలుసు. తరాలుగా దున్నుతున్నవాడికి తెలియకుండానే అతని నేల వేరొకరి పట్టాలోకి ఎక్కింది. విసునూరు దేశ్‌ముఖ్ కింద 60 ఊళ్లలో 40 వేల ఎకరాలు ఉండేవని తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర రాసినవారు లెక్కగట్టారు. ప్రైవేటు ఆస్తిని రక్షించడానికి పుట్టిన పట్టా, ఆస్తిని మొదట పంచింది ఇలా.

మరి ఆ భూమిలో పని? కూలి ఇచ్చి చేయించుకునే పని చాలా తక్కువ. ఊళ్లో చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల, మాల, మాదిగ ఇళ్లన్నిటికీ వంతుల వారీగా వెట్టి ఉండేది. అప్పు కింద తరాల తరబడి జీతం ఉండే బాగేలాలు దొర నాగళ్లు దున్నేవారు. ఈ వెట్టిని దొర దాష్టీకంగానే చెప్పుకుంటాం. అది నిజం, అయితే పూర్తి నిజం కాదు. తహసీల్దారో, గిర్దావరో, పోలీసు అమీనో ఊళ్లో మకాం చేస్తే వారికి వంట చెరకు, కోళ్లు, గుర్రానికి గడ్డి, సామాను మోసే మనిషి అన్నీ వెట్టి కిందే సమకూరేవి. ఆ వంతులు పోగుచేసేది మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ. అంటే ఊళ్లో సర్కారు యంత్రాంగం నడిచింది కూడా వెట్టి మీదే. 1920లలో నిజాం ప్రభుత్వం వెట్టిని నిషేధిస్తూ ఉత్తర్వులు ఇచ్చింది. 1936లో బాగేలా ఒప్పందాలను నియంత్రించే చట్టం చేసింది. అవి ఊరికి చేరాల్సింది పట్వారీ చేతి మీదుగా, అమలు కావాల్సింది అమీన్ ద్వారా. చేరలేదు, అమలు కాలేదు.

పెట్టుబడి చరిత్రకు ఇది ఎందుకు ముఖ్యమంటే, వెట్టి మనిషి చేతిలో డబ్బు ఉండదు. డబ్బు లేనివాడు మిల్లు బట్ట కొనడు. ఊరు విడిచి పోలేనివాడు మిల్లు కూలి కాలేడు. ఊరికే పని దొరుకుతున్నప్పుడు భూస్వామి మోటారు పెట్టడు, మంచి విత్తనం వెతకడు. రైలు, బొగ్గు, పట్టా, నాణెం నాలుగూ వచ్చినా ఉత్తర తెలంగాణ పల్లెల్లో పెట్టుబడిదారీ విధానం అర్ధశతాబ్దం పాటు గడప దాటలేకపోయింది. రైలు వెంట పత్తి, నూనెగింజలు బయటికి పోయాయి. వచ్చిన సొమ్ము దొరల కోటల్లాంటి ఇళ్లయిన గడీల్లో చేరింది, గట్టి గోడలయింది.

ఆ గడపను జనమే దాటించారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు పొలంలో పండిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల పాలు కానీయలేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలయ్యాడు. 1951 వరకు సాగిన సాయుధ పోరాటంలో ఊరి తర్వాత ఊరు వెట్టి మానేసింది. 1949 జాగీర్ల రద్దు, 1950 కౌలుదారీ చట్టం ఆ వెనుకే వచ్చాయి. జాగీర్దార్లకు ప్రభుత్వం పరిహారం చెల్లించింది. రక్షిత కౌలుదార్లకు యాజమాన్యం దఖలు పరిచే 38-ఈ సర్టిఫికెట్ల కోసం మాత్రం ఎందరో రైతులు దశాబ్దాల తరబడి రెవెన్యూ కార్యాలయాల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగారు.

కరీంనగర్‌లో ఇదే క్రమం మరోసారి నడిచింది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని పార్లమెంటు 1976లో చేసింది. అది జగిత్యాల, సిరిసిల్ల పల్లెలకు చేరింది 1978 సెప్టెంబరులో రైతుకూలీలు కదిలిన జగిత్యాల జైత్రయాత్ర రూపంలో, రైతుకూలీ సంఘాల రూపంలో. కూలి రేటు పెంచమన్నారు, ఊరుమ్మడి భూములు వదలమన్నారు, పంచాయితీల్లో దొరలు వసూలు చేసిన జరిమానాలు తిరిగి కట్టమన్నారు. తాను చేసిన చట్టాన్ని అమలు చేయమని అడిగిన ఆ రెండు తాలూకాలను ప్రభుత్వం అదే ఏడాది కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించి పోలీసు క్యాంపులు దించింది. అయినా వెట్టి మళ్లీ రాలేదు. పటేల్, పట్వారీల వంశపారంపర్య పదవులు 1980ల మధ్య నాటికి పోయాయి. ఇక్కడ కూలి మార్కెట్ అనేది ఒకటి పుట్టిందంటే దాని వెనుక రక్తం చిందిన చరిత్ర ఉంది.

సర్కారు పెట్టుబడిదారుగా మారినప్పుడు

1929లో హైదరాబాద్ ప్రభుత్వం కోటి రూపాయలతో పారిశ్రామిక నిధి ఏర్పాటుచేసింది. వరంగల్ ఆజంజాహీ బట్టల మిల్లు 1934లో, బోధన్ నిజాం చక్కెర కర్మాగారం 1937లో, సిర్పూర్ కాగితం మిల్లు 1938లో ఏర్పడ్డాయి. ప్రైవేటు వాటాదారులు ఉన్నా, మొదటి ధైర్యం, మొదటి డబ్బు సర్కారువే. బోధన్‌కు చెరకు రావడానికి 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు కారణం. ఆజంజాహీ మిల్లుకు ఇక్కడి పత్తి, సింగరేణి బొగ్గు, 1920ల చివరలో కాజీపేట నుంచి బల్లార్షా దాకా పూర్తయిన రైలు మార్గం మూడూ అందుబాటులోకి వచ్చాయి. రైల్వేను 1930లో ప్రభుత్వం కొనేసింది. సింగరేణి బొగ్గు కంపెనీలో మెజారిటీ వాటాను 1945లో కొన్నది. ఆజంజాహీ మిల్లు సైరన్‌కు వరంగల్ పట్టణం లేచింది, పడుకుంది. కార్మిక వాడలు, సంఘాలు, రాజకీయ చైతన్యం ఆ మిల్లు చుట్టూ అల్లుకున్నాయి. 1974లో జాతీయ జౌళి సంస్థ కిందికి వెళ్లిన మిల్లు ఆధునికీకరణకు నోచుకోక కాలక్రమంలో మూతపడింది. ఆ భూమిలో ఎక్కువ భాగం ఇళ్ల స్థలాలయింది. మిల్లును బతికించడానికి దొరకని డబ్బు ఆ నేలను ప్లాట్లు చేసి అమ్మడంలో దొరికింది. ఈ ప్రాంతంలో పారిశ్రామిక పెట్టుబడి స్థిరాస్తి పెట్టుబడిగా మారిన తీరుకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు.

బోధన్ కర్మాగారంలో 2002లో 51 శాతం ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబరులో గానుగ ఆగింది. 2014లో ఆగిన సిర్పూర్ మిల్లు, ప్రభుత్వం ఇచ్చిన రాయితీల ఊతంతో 2018లో కొత్త యాజమాన్యం కింద మళ్లీ నడిచింది. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడి, ప్రభుత్వ సంస్థల ఉమ్మడి మదుపుతో 2021లో తెరుచుకుంది. మూసినప్పుడైనా తెరిచినప్పుడైనా తాళం చెవి రాజ్యం దగ్గరే ఉంది.

గడీ నుంచి రైస్‌మిల్లుకు

1978 తర్వాత ఊరు విడిచిన దొరలు, వారితో పాటు కొత్తగా పైకొచ్చిన మధ్యతరగతి రైతు కుటుంబాలు పట్టణాల్లో ఏం చేశారన్నది చూడాలి. ఫ్యాక్టరీలు పెట్టినవారు తక్కువ. సారా వేలం పాటలు, రోడ్లు, కాలువల కాంట్రాక్టులు, కరీంనగర్ గ్రానైట్ క్వారీలు, తునికాకు యూనిట్లు, ప్రైవేటు కళాశాలలు వారి దారులయ్యాయి. కళాశాలను పక్కన పెడితే అన్నీ సర్కారు ఇచ్చే హక్కులు, లైసెన్సులు, బిల్లులే. తునికాకు మీద 1971 చట్టంతో ప్రభుత్వానికి గుత్తహక్కు వచ్చింది. దాన్ని వేలంలో పాడుకున్న కాంట్రాక్టరు కల్లంలో కట్టకు ఎంత ఇవ్వాలన్నది మాత్రం కూలీల సమ్మెలే తేల్చాయి.

రైస్‌మిల్లు వ్యవహారం ఇంకాస్త వివరంగా చెప్పుకోదగ్గది. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ నీళ్లు కాకతీయ కాలువ వెంట వచ్చాక పెద్దపల్లి, సుల్తానాబాద్, కరీంనగర్ చుట్టూ మిల్లులు వరుసగా లేచాయి. నేటి పద్ధతి ఇది. మహిళా సంఘాలు, సహకార సంఘాలు నడిపే కేంద్రంలో ప్రభుత్వం మద్దతు ధరకు వడ్లు కొంటుంది. ఆ వడ్లను మిల్లరుకు అప్పగిస్తుంది. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు మిల్లరు తిరిగి ఇవ్వాలి. మర పట్టినందుకు ఛార్జీ వస్తుంది. తవుడు, నూకలు, ఊక అతనివే. వడ్లు కొనడానికి అతను పైసా పెట్టనక్కరలేదు, బియ్యం అమ్ముడుపోతుందో లేదో అన్న దిగులు లేదు.

ఈ గొలుసులో దిగులంతా రైతుదే. కేంద్రంలో కుప్ప పోసి, తేమ 17 శాతానికి దిగేదాకా రోజుల తరబడి ఆరబోస్తాడు. మబ్బు పట్టినప్పుడల్లా టార్పాలిన్ కప్పుతాడు. కాంటా అయ్యాక కూడా అతని పని తీరదు. లారీ మిల్లుకు పోయి, దించుకున్నట్టు ట్రక్‌షీట్ వచ్చేదాకా డబ్బు పడదు. మిల్లు దగ్గర తాలు ఉందని, తేమ ఉందని తరుగు తీస్తామంటారు. ఒప్పుకోకపోతే లారీ దిగదు, లారీ దిగకపోతే కేంద్రంలో మిగతా కుప్పలు కదలవు. ప్రకటించిన మద్దతు ధర ఎంత ఉన్నా, రైతుకు ముట్టేది ఈ తరుగు పోగా మిగిలినదే. రైలు కంపెనీకి ఇచ్చిన 5 శాతం హామీకీ దీనికీ మధ్య 140 ఏళ్లు గడిచాయి. నష్టభయాన్ని కొందరి మీద నుంచి తీసి మరికొందరి మీద పెట్టే పద్ధతి మారలేదు.

తప్పుకోవడం కూడా ఒక నిర్ణయమే

1990ల సంస్కరణల తర్వాత రాజ్యం వెనక్కి తగ్గిందని అంటారు. ఎక్కడ తగ్గిందో చూడాలి. సింగరేణిలో 1990ల ఆరంభంలో లక్ష దాటిన శాశ్వత ఉద్యోగుల సంఖ్య ఆ తర్వాత సగానికన్నా తక్కువకు పడిపోయింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్ట్‌లు, కాంట్రాక్టు కార్మికులు వచ్చారు. కంపెనీ మాత్రం 51 శాతం రాష్ట్రం, 49 శాతం కేంద్రం వాటాలతో ప్రభుత్వానిదే. అంటే రాజ్యం బొగ్గును వదులుకోలేదు. బొగ్గుబాయి కార్మికుడికి ఇచ్చిన భద్రతను వదులుకుంది.

పత్తి రైతు విషయంలో ఇంకా ఘోరం జరిగింది. వరంగల్ జిల్లా రైతు వాణిజ్య పంటకు మళ్లుతున్న రోజుల్లోనే సహకార పరపతి బలహీనపడింది, ఊరికొచ్చి పైరు చూసే వ్యవసాయాధికారి కరువయ్యాడు. ఆ ఖాళీలోకి పురుగుమందుల దుకాణదారు వచ్చాడు. విత్తనం అతని దగ్గరే, మందు అతని దగ్గరే, అప్పు అతని దగ్గరే. ఏ మందు కొట్టాలో చెప్పేది కూడా అతనే. చాలాచోట్ల పంట కొనేది కూడా అతనే. 1997-98లో లద్దె పురుగు విరుచుకుపడినప్పుడు మందులు పనిచేయలేదు, అప్పు పెరిగింది, పంట పోయింది. ఆ సీజనులో వరంగల్ పల్లెల్లో రైతులు వరుసగా పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. దాన్ని మార్కెట్ వైఫల్యం అని మాత్రమే అంటే రాజ్యం బాధ్యత తప్పిపోతుంది. విత్తనం, మందు నాణ్యత చూసే చట్టాలు అప్పుడూ ఉన్నాయి. వాటిని అమలు చేయకపోవడం వల్ల ఎవరు లాభపడ్డారో, ఎవరు చచ్చిపోయారో చూస్తే తప్పుకున్న రాజ్యం కూడా ఎవరో ఒకరి పక్షాన నిలబడిందని తెలుస్తుంది.

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌నే తీసుకోండి. వేల బస్తాల మిర్చి, పత్తి వచ్చే ఆ యార్డు చట్టం కట్టించినది. తూకం వేసే దడవాయికీ, మోసే హమాలీకీ, కొనిపెట్టే అడ్తిదారుకూ లైసెన్సు ఇచ్చేది మార్కెట్ కమిటీ. పొద్దున్నే జెండా పాటలో పలికిన ధర బోర్డు మీదికి ఎక్కుతుంది. ఆ ధర ఆ రోజు మేలైన లాటుకు పలికినది. మిగతా బస్తాలకు నాణ్యత పేరుతో తక్కువ రాస్తారు. ఎంత తక్కువన్నది అమ్మకం లెక్క చీటీ అయిన తక్‌పట్టీ చేతికి వచ్చాక గానీ రైతుకు తెలియదు. అడ్తిదారు దగ్గర ముందే అప్పు తీసుకున్న రైతుకు వద్దని బస్తా ఎత్తుకుపోయే స్వేచ్ఛ ఉండదు. దళారుల నుంచి రైతును కాపాడటానికి 1930లోనే హైదరాబాద్ రాష్ట్రం మార్కెట్ల చట్టం చేసింది. అప్పుతో కట్టిపడేసిన అమ్మకాన్ని యార్డు ప్రహరీ గోడ విడిపించలేదు, దానికి చౌక పరపతి కావాలి.

2017 అక్టోబరులో గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగింది. భూమి సేకరించింది ప్రభుత్వం. నీళ్లు, కరెంటు, రోడ్లు, రాయితీలు ఇస్తున్నది ప్రభుత్వం. కేరళ నుంచి, కొరియా నుంచి కంపెనీలను పిలిచింది కూడా ప్రభుత్వమే. దీన్ని తప్పుపట్టనక్కరలేదు. సొంత పత్తి పండే చోట బట్ట తయారు కావాలన్న ఆలోచన 1934లో ఎంత సబబో నేడూ అంతే సబబు. ఆజంజాహీ మిల్లులో సర్కారు వాటాదారు కాబట్టి లాభంలో దానికి హక్కుండేది. ఇప్పుడు భూమి, రాయితీ ఇచ్చినందుకు బదులుగా ప్రజలకు దక్కేది ఉద్యోగాల వాగ్దానం ఒక్కటే. ఎన్ని ఉద్యోగాలు, ఏ జీతానికి, భూమి పోగొట్టుకున్న ఊళ్లవారికి ఎన్ని అన్నవి ఒప్పందంలో ఉండాలి, అందరూ చదివేలా ఉండాలి. దక్షిణ కొరియా 1960లలో తన కంపెనీలకు చౌక రుణాలిచ్చింది. ఎగుమతుల లక్ష్యం అందుకోనివారికి ఆ సాయం ఆపింది కూడా. మన రాయితీలకు అలాంటి షరతు కనబడదు.

ఆ పార్కుకు పత్తి పండించే రైతుల్లో కౌలుదారులు చాలామంది. 2018 మేలో హుజూరాబాద్ దగ్గర మొదలైన రైతుబంధు ఎకరానికి సీజనుకు 4,000 రూపాయల చొప్పున పట్టాదారు ఖాతాలో పడింది; కౌలుదారుకు పడలేదు. బ్యాంకు పంట రుణం పాసుపుస్తకం మీద వస్తుంది. కేంద్ర ప్రభుత్వ భారత పత్తి సంస్థ కొనుగోలు కేంద్రంలో మద్దతు ధరకు అమ్ముకోవాలన్నా ముందు అడిగేది ఆ పుస్తకాన్నే. కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇవ్వాలని ఉమ్మడి రాష్ట్రంలో 2011లో చేసిన చట్టం ఉంది. తెలంగాణ వచ్చాక ఆ కార్డుల జారీ దాదాపు ఆగిపోయింది. దానికి కొత్త చట్టం అక్కరలేదు, పెద్ద బడ్జెట్ అక్కరలేదు; ప్రతి వానాకాలానికి ముందు ఊరి గ్రామసభలో సాగుదారు పేరు రాసుకుని కార్డు చేతికివ్వడమే పని. సాలార్‌జంగ్ నాటి కొలతల్లో దున్నేవాడి పేరు ఎక్కకపోవడంతో మొదలైన అన్యాయం, సాగుదారుల జాబితా లేకపోవడంలో నేటికీ కొనసాగుతోంది.